చిటికెన వేలు తీసేయమన్నారు

మా ఊళ్లో నా గురించి రెండు మాటలు చెప్పుకుంటారు. ఒకటి, ఇనపకడ్డీ మింగినదానిలా నడుస్తుందని. రెండోది, జిన్నింగు మిల్లువారి మనవరాలు చివరికి కూలోళ్ల చేతులకి తొడుగులు కుట్టుకునే గతికి వచ్చిందని. మొదటి మాట నిజం. నా వెన్ను వంగదు. మా నాయనమ్మ వెన్నూ వంగలేదు. మంచం పట్టేదాకా ఆవిడ గోడకి ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. రెండో మాటలో ‘చివరికి’ అనే ముక్కతోనూ, ‘గతి’ అనే ముక్కతోనూ నాకు పేచీ ఉంది. తొడుగులు కుడుతున్నానన్నది మాత్రం అక్షరాలా నిజం.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన మా తాత కట్టించిన మిల్లు ఉండేది. పత్తి సీజన్లో దాని గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. ఆ మిల్లు పోయింది. ఎలా పోయిందో రాయను. ఆ కథ చెప్పి జాలి పుచ్చుకునే అలవాటు మా ఇంట్లో లేదు. యంత్రాలు తుక్కు కింద వెళ్లిపోయి, స్థలం చేతులు మారాక గేటు పక్కనున్న ఆఫీసు గది ఒక్కటి మాకు మిగిలింది. అందులో ఒక పొడవాటి టేకు బల్ల ఉంది. రైతు తెచ్చిన పత్తిని ఆ బల్ల మీద పోసి, చిటికెడు దూది రెండు చేతుల మధ్య లాగి పింజ పొడవు చూసేవారు మా తాత. ఇప్పుడు దాని మీద నేను గుడ్డ కత్తిరిస్తాను. కొందరు పాత పరిచయస్తులు వచ్చి, బల్లని చూసి నిట్టూరుస్తారు. నిట్టూర్పులు చెప్పులతో పాటు బయట వదిలి లోపలికి రమ్మంటాను.

ఈ పని ఎలా మొదలైందో చెప్పాలి. మిల్లు పోయాక నేను గుంటూరు దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగానికి చేరాను. మిరపకాయ బస్తాల రాకపోకలు చూసే పని. చేరిన వారంలోనే మా బంధువొకాయన ఫోన్ చేశారు.

“పరువు విషయం అమ్మాయ్. మరీ ఇంత దగ్గర్లో ఎందుకు? కాస్త దూరంగా ఎక్కడన్నా చూసుకోకూడదూ?”

“దూరమైతే రోజూ బస్సు చార్జీ మీరు పెట్టుకుంటారా?” అన్నాను. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆ కోల్డ్ స్టోరేజీ పక్కనే ఒక రేకుల షెడ్డు. ఎర్రటి కుప్పల చుట్టూ ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. తొడిమని మా వైపు ముచ్చిక అంటారు. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ముక్కుకీ నోటికీ అడ్డంగా తువ్వాలు. కాయని మూడు వేళ్లతో పట్టుకుని, బొటనవేలి గోటితో ముచ్చికని ఠక్కున తుంచడం, కాయ ఒక గంపలోకి, ముచ్చిక ఒళ్లోకి. కొత్తవాళ్లెవరైనా ఆ షెడ్డులో అడుగు పెడితే దగ్గు ఆపుకోలేరు. వాళ్లకి దగ్గు అలవాటైపోయింది గానీ చేతుల మంట అలవాటు కాలేదు. సాయంత్రం పని దిగగానే కొబ్బరినూనె రాసుకునేవాళ్లు, పుల్ల మజ్జిగలో వేళ్లు ముంచుకునేవాళ్లు, ఏమీ దొరక్కపోతే తడి ఇసకలో గుచ్చుకుని కూర్చునేవాళ్లు.

ఆ ముఠాని పిలుచుకొచ్చే ఆవిడది అద్దంకి వైపు పల్లె. అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు. వాళ్లమ్మ ఒకప్పుడు మా మిల్లులో పనిచేసింది కాబట్టి నన్ను మాత్రం ‘అమ్మాయిగారూ’ అని పిలిచేది.

ఒక మధ్యాహ్నం నేను ఆ షెడ్డులో నిలబడి ఉండగా, ఆవిడ ముందు గోనె మీద పెట్టుకున్న ఫోను మోగింది. ఆవిడ తన చేతులు చూసుకుంది. ఎర్రటి దుమ్ము, గోళ్ల సందుల్లో కాయ రసం. తువ్వాలు కిందకి లాక్కుని, ముందుకి వంగి, ముక్కు కొసతో ఫోను తెర మీద రాసింది. కుదరలేదు. మళ్లీ రాసింది. ఫోను ఆగిపోయింది.

పక్కనున్నామె పకపకా నవ్వింది. “ముక్కుకి కూడా గోరు పెంచుకోవే మేస్త్రమ్మా!”

“నోరు మూసుకోవే. నిన్న నువ్వు గడ్డంతో ఎత్తబోయి ఎవరికో వీడియో కాల్ కొట్టలా?”

అందరూ నవ్వారు. మేస్త్రమ్మ నవ్వలేదు. కాసేపు కాయలు తీసి, నా వైపు చూసింది.

“అమ్మాయిగారూ, ఒక్క సాయం చేస్తారా? ముక్కుతో ఫోన్ ఎత్తొచ్చు గానీ, ముక్కుతో నొక్కి చెయ్యలేం గదా. పొద్దున మా అమ్మని ఆస్పత్రికి తీసుకుపోయారు. ఏమయిందో ఏందో.”

నేను ఆ నంబరు నొక్కి, ఫోనుని ఆవిడ చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాను. తల్లికి గండం గడిచిందని అవతలి గొంతు చెప్పేదాకా ఆవిడ చేతులు రెండూ గాల్లోనే ఉన్నాయి, ఎక్కడా తగలకుండా, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు. ఆ షెడ్డులో ఫోను ముట్టుకోగల చేతులు నావీ, సూపర్వైజర్లవీ మాత్రమే. సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా ఆ గాల్లో నిలిచిన చేతులే కళ్ల ముందు ఉన్నాయి. నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. ఇంత పెద్ద మిరప వ్యాపారం నడిపే చోట, అమెరికాకీ చైనాకీ కంటెయినర్లు నింపే చోట, ఈ పనికి పనికొచ్చే ఒక తొడుగు లేకపోవడం ఏమిటి?

తొడుగులు అసలు లేవని కాదు. కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఒక అట్టపెట్టె నిండా పల్చటి రబ్బరు తొడుగులు ఉండేవి. వేసుకుంటే పావుగంటకే లోపల చెమట నిండి చెయ్యి ఉడికిపోతుంది. నూలు తొడుగులు వేసుకుంటే దుమ్ము సులువుగా లోపలికి దిగి, గుడ్డకీ చర్మానికీ మధ్య చిక్కుకుని మరింత మండుతుంది. రెంటిలోనూ గోరు పనిచేయదు. గోరు లేనిదే ముచ్చిక తెగదు. అందుకే ఆ పెట్టె పెట్టెలాగే ఉండేది.

ఉద్యోగం మానేశాను. ఇంట్లో మిగిలినవేవో కుదువ పెట్టి రెండు కుట్టుమిషన్లు తెచ్చుకుని ఆఫీసు గదిలో వేశాను. కుట్టడానికి ఒక సాయిబుగారు దొరికారు. తాతముత్తాతల నుంచీ దూది ఏకిన కుటుంబం. పరుపుల షాపులు వచ్చాక ఆయన దూది వదిలి దర్జీ పని నేర్చుకున్నారు. మొదటి రోజే గది నాలుగు మూలలా చూసి, “అమ్మా, ఈ గదిలో నేను చిన్నప్పుడు మీ తాతగారి చేత తిట్లు తిన్నాను” అన్నారు. “అయితే గది మీకు కొత్త కాదన్నమాట. మిషను ఎక్కండి” అన్నాను.

మొదట నా చెయ్యి కొలతతో కుట్టించాను. అవి ఎవరికీ సరిపోలేదు. అప్పుడు మేస్త్రమ్మ ముఠాని ఒక ఆదివారం మా గదికి పిలిచి, టేకు బల్ల మీద వాళ్ల చేతులు పెట్టించి సుద్దముక్కతో గీసుకున్నాను.

“అమ్మాయిగారు చెయ్యి చూస్తన్నారు. జాతకం చెప్తారేమోనే!”

“నీ జాతకం చెప్పడానికి చెయ్యెందుకే, నీ మొగుణ్ణి చూస్తే చాలదూ?”

ఆ నవ్వుల మధ్య ఒక సంగతి నా కంటపడింది. బల్ల మీద చెయ్యి చాచి పెట్టమంటే కష్టపడి చాస్తున్నారు. వదిలేయగానే వేళ్లు సగం ముడుచుకుంటున్నాయి. ఏ మనిషి చెయ్యయినా ఒళ్లో ఊరికే పెట్టుకుంటే అలాగే ఉంటుంది. బజారులో దొరికే తొడుగులన్నీ చాచిన చేతికి కుట్టినవి. వేలు వంచిన ప్రతిసారీ కీలు దగ్గర గుడ్డ పోగుపడి ఎదురు తిరుగుతుంది, రోజంతా వేలు గుడ్డతో కుస్తీ పట్టాలి. నేను ముడుచుకున్న చేతికి నమూనా గీశాను. వేలు వంగే చోట లోపలివైపు గుడ్డ తగ్గించి, బయటివైపు చిన్న మడత పెట్టాం. సాయిబుగారు ఆ మడత కుట్టడానికి నానా తిట్లూ తిట్టుకున్నారు గానీ కుట్టారు.

పట్టు కోసం అరచేతిలోనూ మూడు వేళ్ల మీదా రబ్బరు చుక్కలు వేయించాం. చుక్కల మధ్య సందుల్లోంచి చెయ్యి గాలి పీల్చుకుంటుంది. గుడ్డ రెండు పొరలు. పైది దగ్గర నేత, దుమ్ము దిగకుండా. మణికట్టు దగ్గర పొడుగ్గా వదిలి చొక్కా చేతిలోకి దూర్చుకునేలా చేశాం. బొటనవేలి కొసన గోరు ఆకారంలో గట్టి రబ్బరు ముక్క ఒకటి, అంచు పదునుగా కోసి. దాంతో ముచ్చిక తెగిన రోజు మేస్త్రమ్మ ఆ ఠక్కుమన్న చప్పుడు విని, “ఇది గోరే” అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు నాకు అక్కర్లేదు.

ఇక మిగిలింది ఫోను. ఫోను తెర మన వేలిని గుర్తుపట్టేది మన ఒళ్లు విద్యుత్తుని పోనివ్వడం వల్ల. మామూలు గుడ్డ అడ్డం వస్తే గుర్తుపట్టదు. వెండిపూత వేసిన దారం ఒకటి వస్తుంది. దాంతో కొసన నాలుగు కుట్లు వేస్తే వేలూ తెరా కలుస్తాయి. లోకంలో అందరూ ఆ దారాన్ని చూపుడువేలికీ బొటనవేలికీ పెడతారు. నేనూ అక్కడే పెట్టాను. పని మొదలైన మర్నాటికే ఆ కుట్లు అరిగి ఊడిపోయాయి. ముచ్చిక తుంచే వేళ్లు అవే కదా మరి. ఊడకముందు ఇంకో తమాషా జరిగింది. ఆ వేళ్ల దుమ్మంతా ఫోను తెర మీదకీ, తెర మీంచి బుగ్గ మీదకీ ఎక్కింది. ఒక పిల్ల కొత్తగా పెళ్లయిన మొగుడితో మాట్లాడి మాట్లాడి, చెవీ బుగ్గా ఎర్రబడి కూర్చుంటే తక్కినవాళ్లు దానికి రోజంతా పాటలు కట్టారు.

ఓడిపోయానని సాయిబుగారు అనుకున్నారు. నేననుకోలేదు. మళ్లీ షెడ్డుకి వెళ్లి ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏం చూడాలో తెలియదు, చూస్తూ కూర్చున్నాను. ఎండ ఎక్కింది. ఒకామె నుదుటి చెమట తుడుచుకుంది. ఇంకొకామె జారిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. తల్లి దగ్గరకి వచ్చిన చంటిదాని కంట్లో నలకపడితే ఆ తల్లి దాని రెప్ప పైకెత్తి తీసింది. చెమటా, జుట్టూ, నలకా, అన్నీ ఒకే వేలితో జరిగాయి. కుడిచేతి చిటికెన వేలితో. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కాయని పట్టుకుంటాయి, ఉంగరం వేలు దాన్ని కింద నుంచి ఆపుతుంది. చిటికెన వేలు మాత్రం గాల్లో నిలబడి ఉంటుంది, కాయని తాకదు. ఒంటి మీదా పిల్లల మీదా వేయడానికి శుభ్రమైన వేలు ఒకటి వాళ్లు దాచి ఉంచుకున్నారు.

“మేస్త్రమ్మా, ఇందాక చెమట ఏ వేలితో తుడుచుకున్నావు?”

“ఏ వేలేంటండీ? చేత్తో.”

“ఇంకోసారి తుడుచుకో.”

చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యిని నుదుటి దగ్గర ఆపి, చిటికెన వేలుని మెల్లకన్ను పెట్టి చూసుకుంది. “ఓసినీ! ఇన్నేళ్లుగా నాకే తెలవదే!” షెడ్డంతా చేతులెత్తి చూసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకి తెలియని వాళ్ల అలవాటుని పట్టుకున్నందుకు నేను గర్వపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

ఆ వారమే చిటికెన వేలుని వేరుగా కుట్టాం. రబ్బరు చుక్కలు లేకుండా, మిగతా తొడుగంతా బూడిదరంగు అయితే ఆ ఒక్క వేలూ తెల్లటి గుడ్డతో. కొసన వెండి దారం. తెలుపు మీద మరక పడితే కంటికి తెలుస్తుంది కాబట్టి వాళ్లు దాన్ని ఇంకా జాగ్రత్తగా కాపాడుకునేవాళ్లు. ఫోను గోనె మీదే ఉంటుంది, తెల్ల వేలితో ఒకసారి తోస్తారు, స్పీకర్లో మాట్లాడతారు, చేతుల్లో పని ఆగదు. మేస్త్రమ్మ ముఠా ఆ తొడుగులు వేసుకుని పని చేయడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చారు ఆ వ్యాపారి మా గదికి. మిరపకాయ విదేశాలకి పంపే పెద్ద ఎగుమతిదారు, ఆయనకి గుంటూరు చుట్టుపక్కల చాలా షెడ్లు ఉన్నాయి. ఒకప్పుడు వాళ్ల నాన్న మా మిల్లుకి పత్తి తోలిన మనిషి. ఆయన కుర్చీలో కూర్చుంటూ గది చుట్టూ ఒక చూపు చూశారు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు, నేను పట్టించుకోలేదు.

“విదేశీ పార్టీలు పేచీ పెడుతున్నారమ్మాయ్. ఒట్టి చేతులతో కాయ ముట్టుకోకూడదంట. నీ దగ్గర ఏదో ఉందని విన్నా.”

తొడుగు ఇచ్చాను. ఆయనే వేసుకుని, జేబులోంచి ఒక కాయ తీసి ముచ్చిక తుంచారు. ఇంకొకటి తుంచారు. ముఖం విచ్చుకుంది.

“భేష్! నా షెడ్లన్నిటికీ నువ్వే ఇవ్వు. ప్రతి సీజనూ. బయట ఎక్కడా చూడను.” తర్వాత తెల్ల వేలు చూశారు. “ఇదేంటి?”

చెప్పాను. ఆయన తొడుగు మెల్లగా తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది తీసెయ్.”

“ఎందుకండీ?”

“ఎందుకేంటమ్మా! తొడుగు వేస్తే ఫోను ముట్టుకోలేరు. నాకు అది ఇంకో లాభం అనుకుంటున్నా. నువ్వేమో వాళ్ల చేతికి ఫోను కుట్టి ఇస్తున్నావ్. ఆ రీల్సు చూసుకుంటూ కూర్చుంటే కాయ ఎవడు తీస్తాడు?”

“వాళ్లకి ఇచ్చేది తీసిన కాయ తూకం లెక్కన కదండీ. రీల్సు చూస్తే పోయేది వాళ్ల కూలే.”

“అదంతా నాకు చెప్పబోకు. సూపర్వైజర్లకి కావాలంటే పెట్టు, వాళ్లు తూకాలు ఫోన్లో ఎక్కించాలి. అయిదు వేళ్లకీ పెట్టు, వద్దనను. కూలోళ్లవి మాత్రం మామూలువి చెయ్. రెండు రకాలు.”

ఆ ఆర్డరు వస్తే నా గది నిలుస్తుంది. రాకపోతే సీజను చివరికి మిషన్లు అమ్ముకోవాలి. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అందుకే ఆయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు.

“మా దగ్గర ఒకటే రకం అండి” అన్నాను. “ఈ గది బయట మా తాత ఒకటే కాటా పెట్టారు. ట్రాక్టరు పత్తి తెచ్చిన ఆసామికీ, నెత్తి మీద మూట తెచ్చిన మనిషికీ అదే. మీ నాన్నగారు కూడా ఆ కాటా మీదే తూచుకున్నారు.”

ఆయనకి ఆ మాట గుచ్చుకుంది. లేచారు. “మీ ఇంటావంటా ఉన్నదే ఇది. నీ మంచికి చెప్తున్నా, వంగనోళ్లు విరిగిపోతారమ్మాయ్.”

“విరిగాం కదండీ. అయిపోయింది. ఇక దేనికి భయపడాలి?”

కారు వెళ్లిపోయాక సాయిబుగారు మిషను ఆపారు. ఆయన మాట్లాడతారని తెలుసు, మాట్లాడనిచ్చాను.

“ఒక్క వేలమ్మా. అదీ చిటికెన వేలు. దారం మార్చి కుడితే అయిపోయేది. నా వయసులో ఇంకో చోట పని ఎవరిస్తారు?”

“మీకు కష్టమనిపిస్తే వేరే చోట చూసుకోండి సాయిబుగారూ. తప్పు పట్టను.”

“పోతానని నేనన్నానా? మనిషిని కాస్త గొణుక్కోనివ్వరా మీరు?” అని మళ్లీ పెడలు తొక్కారు. ఆ మధ్యాహ్నమంతా గొణుగుతూనే ఉన్నారు. కుట్టినవన్నీ తెల్ల వేళ్లే.

వ్యాపారి ఇంకెక్కడి నుంచో మామూలు తొడుగులు తెప్పించి తన షెడ్లలో పంచారు. వాటికి గోరు లేదు, వేలు వంగదు. ఆడవాళ్లు వాటిని తనిఖీకి మనుషులు వచ్చినప్పుడు వేసుకునేవాళ్లు, మిగతా వేళల్లో వేడి అన్నం గిన్నెలు దించుకోవడానికి వాడేవాళ్లు. ఈ సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం మేస్త్రమ్మ నుంచి ఫోను వచ్చింది. ఏ వేలితో చేసిందో అడగక్కర్లేదు.

“అమ్మాయిగారూ, ఇయ్యాల ఆ పెద్దాయన షెడ్డుకి కుదిరాం. గేటు దగ్గర ఆపేశారు. తెల్ల వేలు తొడుగులు తీసి రమ్మంటన్నారు. మీరొకసారి వస్తారా? మాకోసం కాదు. మీ వస్తువు గదా, దాన్ని తీసెయ్యమంటంటే మీకు చెప్పకుండా ఎట్టా?”

స్కూటీ మీద వెళ్లాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది. మిరప పండించే నేలలో ఆ కాలపు మబ్బు కంటే భయపెట్టేది లేదు. షెడ్డు బయట కల్లంలో కాయ ఎర్రటి చాప పరిచినట్టు పరిచి ఉంది. ముఠాలన్నీ అప్పటికే ఎక్కడివక్కడ కుదిరిపోయాయి. తడవకముందే ఆ కాయంతా ముచ్చిక తీసి బస్తాలకెక్కాలి. గేటు బయట ఆడవాళ్లు ఆటో దగ్గర కూర్చుని టీ తాగుతున్నారు, చేతులకి తొడుగులతో. లోపల వ్యాపారి చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నారు.

నన్ను చూడగానే ఆయన గొంతు పెరిగింది. “ఇదంతా నువ్వు ఎక్కించిందే!”

“నాకు ఇప్పుడే తెలిసిందండి.”

“ఏం మేస్త్రమ్మా, ఏందీ గొడవ? నా షెడ్డు, నా కాయ. నేనిచ్చిన తొడుగులు వేసుకోవడానికి ఏం రోగం?”

మేస్త్రమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. తెల్ల వేలికి అంటకుండా, మూడు వేళ్లతో.

“అయ్యా, మీ తొడుగులతో ముచ్చిక తెగదు. ఒట్టి చేతులతో రమ్మంటే మీ ఫారినోళ్లు ఒప్పుకోరు. ఇయ్యి వద్దంటే మా చేతులు కూడా ఈడే గేటు బయట పెట్టి రమ్మంటారా?”

వెనకనున్న ఒకామె కిసుక్కున నవ్వింది.

“నేను వద్దంటోంది ఫోనుని!”

“నా పిల్ల స్కూల్లో పడిపోతే నాకు ఫోన్ రాకూడదా? మీకు రాలా ఇందాక? గోడౌను గుమాస్తా ఫోన్ చేసి వాన మేఘం వినుకొండ దాటిందని చెప్పలా? మీరు ఎత్తలా?”

ఆయన ఆకాశం వైపు చూశారు. “అమ్మాయ్, నువ్వయినా చెప్పు వాళ్లకి.”

“నేను కుట్టే మనిషిని. వేసుకునే వాళ్లకి నేనేం చెప్తాను?”

మేస్త్రమ్మ నా వైపు తిరిగింది. “మీరు మాకోసం పెద్ద మాటలు చెప్పబాకండి అమ్మాయిగారూ. ఇది మా బేరం.” తర్వాత ఆయనతో, “అటు నాదెండ్ల రోడ్డులో ఇంకో షెడ్డు వాళ్లు పిలుస్తానే ఉన్నారయ్యా. ఆటో స్టార్టు చెయ్యమంటారా, గేటు తియ్యమంటారా?” అంది.

ఒక చల్లటి గాలి తెర వచ్చి కల్లం అంచున సిద్ధంగా పెట్టిన పట్టా ఒక మూల లేపింది. వాచ్‌మన్ యజమాని ముఖం చూశాడు. యజమాని వాచ్‌మన్ ముఖం చూడలేదు. చెయ్యి విసిరారు, ఈగని తోలినట్టు. గేటు తెరుచుకుంది.

ఆడవాళ్లు లోపలికి వెళుతూ తువ్వాళ్లు కట్టుకున్నారు. ఎవరూ గెలిచినట్టు నడవలేదు. పనికి ఆలస్యమైనవాళ్లు ఎలా నడుస్తారో అలాగే నడిచారు. కాసేపట్లో షెడ్డులోంచి ఆ చప్పుడు మొదలైంది. ఒకదాని వెంట ఒకటి గోళ్లు కాయ మెడ తుంచే చప్పుడు. ఆ గోళ్లు నేను కోసినవి.

స్కూటీ తిప్పుకుంటుంటే ఆయన గేటు దాకా వచ్చారు.

“ఏమ్మాయ్, ఇంత దూరం వచ్చి ఆర్డరు సంగతి అడగవేం?”

“అడగాల్సింది మీరండి. నా దగ్గర సరుకు ఉంది.”

“ఆ వేలుతోనేనా?”

“ఆ వేలుతోనే.”

“నీకు పొగరమ్మా.”

“అవునండి” అన్నాను. ఆయన పట్టా లాగమని పనివాళ్ల మీద కేకలేస్తూ లోపలికి వెళ్లిపోయారు. చినుకులు నేను హైవే ఎక్కాక మొదలయ్యాయి. అప్పటికి ఆయన కాయ చాలావరకు లోపలికి చేరి ఉంటుంది. చేరాలనే కోరుకున్నాను; కాయ తడిస్తే ఏడ్చేది ఆయన ఒక్కడే కాదు.

ఆ తర్వాత ఆయన షెడ్లలో ఆ వేలుని ఎవరూ ఆపడం లేదని విన్నాను. ఆర్డరు మాత్రం రాలేదు. మేస్త్రమ్మ ముఠాని చూసి ఇంకో రెండు ముఠాలవాళ్లు తమ చేతులు గీయించుకోవడానికి వచ్చారు. అవి విడి జతలు. వాటితో ఒక గది నిలవదని లెక్క తెలిసిన ఎవరైనా చెప్తారు. సాయిబుగారు రోజూ చెప్తున్నారు. మా బంధువులు కూడా మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక పెళ్లిలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, “ఒక్క మాట సర్దుకుంటే మళ్లీ నిలదొక్కుకునేదానివి కదే” అంది. మేం ఇప్పుడు పడుకుని ఉన్నామని ఆవిడకి ఎవరు చెప్పారో నేనడగలేదు. చెయ్యి విడిపించుకుని, భోజనాల వైపు నడిచాను.

సీజను ఇంకా ముగియలేదు. ఆయన రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే మిషన్లు అమ్మేస్తాను, మళ్లీ ఏ కోల్డ్ స్టోరేజీలోనో బస్తాలు చూసుకుంటాను, అదీ ఊరికి దగ్గర్లోనే, అందరూ చూసేలా. అంతవరకు మాత్రం తెల్ల వేలు లేని తొడుగు ఏదీ నా గడప దాటి బయటికి వెళ్లదు.